గది మూతపడ్డాక తేనెటీగ పొట్టలో ఏం జరుగుతుంది?

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళకి బొద్దింక జీర్ణవ్యవస్థ బొమ్మ గుర్తుండే ఉంటుంది. ఆహారవాహిక, అన్నాశయం, పళ్ళున్న అంతర జఠరం, మాల్పీజియన్ నాళికలు, చివర పురీషనాళం. ఎనిమిది మార్కుల ప్రశ్న కాబట్టి బట్టీ పట్టని వాళ్ళుండరు. బొద్దింకకి ఆ ఒక్క బొమ్మ సరిపోతుంది. పిల్ల బొద్దింక తల్లిలాగే ఉంటుంది, తల్లి తినేదే తింటుంది, పొట్ట కూడా అదే. పెరిగేకొద్దీ సైజు మారుతుందంతే.

తేనెటీగకి ఒక్క బొమ్మ చాలదు. తేనెపట్టు గదిలో ముడుచుకుని పడుకున్న తెల్లటి పురుగు పొట్టకీ, పువ్వు మీద వాలిన ఈగ పొట్టకీ పోలిక తక్కువ. ఒకటి వచ్చింది వచ్చినట్టు నింపుకుని, బయటికి ఏమీ వదలకుండా దాచుకునేది. రెండోది మకరందాన్ని మోసుకొచ్చేది, పుప్పొడిని వడకట్టేది, కోట్లాది బాక్టీరియాని పోషించేది, మలాన్ని బయటికెళ్ళేదాకా బిగబట్టేది. మొదటిది రెండోదిగా మారడానికి మైనం మూత వెనక పట్టేది పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజుల్లో జరిగేది తెలిస్తే తేనెటీగల జబ్బుల లెక్క కూడా చాలావరకు తేలిపోతుంది.

ఇక్కడి రోజుల లెక్క పెట్టెల్లో పెంచే ఐరోపా తేనెటీగ ఏపిస్ మెల్లిఫెరాది. 1960లలో పంజాబ్, హిమాచల్ ప్రాంతాల్లో నిలదొక్కుకుని అక్కణ్ణుంచి దేశమంతా పాకిన ఈగ ఇదే. పుట్టల్లో, చెట్టుతొర్రల్లో పట్టు పెట్టే మన దేశవాళీ సెరానా ఈగ కాస్త ముందే బయటికొస్తుంది గానీ పొట్ట కథ మాత్రం రెండింటికీ ఒకటే.

వెనక దారి లేని పేగు

రాణి గుడ్డు పెట్టిన మూడు రోజులకి పురుగు బయటపడుతుంది. అప్పుడు దాని బరువు మిల్లీగ్రాములో పదోవంతు. ఆరు రోజులు తిరక్కుండానే సుమారు 150 మిల్లీగ్రాములవుతుంది. అంటే వెయ్యి రెట్లకు పైగా. ఈ పురుగుకి కాళ్ళు లేవు, కళ్ళు లేవు, వేటాడే పని లేదు. దాది ఈగలు తలలోని గ్రంథుల్లో ఊరిన జెల్లీని తెచ్చి గదిలో పోస్తాయి. పురుగు దానిలోనే తేలుతూ దాన్నే తింటుంది. మొదటి మూడు రోజులు దాటాక కూలీ ఈగ కాబోయే పురుగు తిండిలో కొంచెం తేనె, మరీ కొంచెం పుప్పొడి కలుస్తాయి. రాణి కాబోయేదానికి మాత్రం చివరిదాకా జెల్లీయే.

ఇలాంటి పురుగుని కోసి చూస్తే ఒంట్లో ఎక్కువ భాగం పేగే కనిపిస్తుంది. కీటకాల ఆహారనాళాన్ని పాఠ్యపుస్తకాలు పూర్వ, మధ్య, అంత్య ఆహారనాళాలని మూడుగా విడదీస్తాయి. మనం ముందుపేగు, నడిమిపేగు, వెనకపేగు అనుకుందాం. పురుగులో ముందుపేగు పొట్టి గొట్టం మాత్రమే. ఆహారం నడిమిపేగులోకి జారడానికి అదో దారి, అంతకుమించి పనిలేదు. నడిమిపేగు తల వెనక మొదలై దాదాపు తోక దాకా నిండుగా ఉంటుంది. దాని వెనక సన్నటి వెనకపేగు ఉంది. మలద్వారం కూడా ఉంది. లేనిది ఒకటే, నడిమిపేగుకీ వెనకపేగుకీ మధ్య దారి. అక్కడ పేగు మూసుకుపోయి ఉంటుంది. తిన్నదాంట్లో అరగనిదంతా నడిమిపేగులోనే పోగుపడుతుంది. తిండి మానేసేదాకా పురుగు ఒక్కసారి కూడా మలం వదలదు.

హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగులు పెంచేవాళ్ళకి ఇది వింతగా అనిపిస్తుంది. పట్టుపురుగు రాత్రీపగలూ మల్బరీ ఆకు తింటూ రాత్రీపగలూ రెట్ట వేస్తూనే ఉంటుంది. ఆ రెట్ట తీసి తట్టలు శుభ్రం చేయడం పెంపకంలో పెద్ద చాకిరీ. రెండూ గూడు కట్టుకునే పురుగులే, రెండూ రూపం మార్చుకునేవే. మరి ఒకటి ఎందుకు బిగబట్టుకుంది?

చాలాచోట్ల కనిపించే జవాబు శుభ్రత. పురుగు పడుకునేదీ తినేదీ ఒకే గదిలో కాబట్టి మలం వదిలితే తిండి పాడవుతుంది, తేనెపట్టులో రోగాలు పుడతాయి, అందుకే తేనెటీగలు ఈ కట్టుబాటు పెట్టుకున్నాయి అంటారు. ఉపయోగం మాట నిజమే. కారణం మాత్రం అది కాదు. ఈ మూతపడ్డ పేగు తేనెటీగ సొంత సొత్తేమీ కాదు. కందిరీగల పిల్లలకీ ఇలాగే ఉంటుంది, చీమల పిల్లలకీ ఇలాగే ఉంటుంది. వరి, చెరకు పొలాల్లో కాండం తొలిచే పురుగు మీదికి రైతులు వదిలే ట్రైకోగ్రామా లాంటి పరాన్న కందిరీగల పిల్లలకీ అంతే. సన్నటి నడుమున్న ఈ బంధువర్గమంతటిలో ఇదే ఏర్పాటు. సన్ననడుము లేని దూరపు చుట్టం ఒకటుంది, ఆవ పంటని తినే సాఫ్లై. దాని పురుగు ఆకులు తింటూ గొంగళిపురుగులా ఎప్పటికప్పుడు మలం వదులుతుంది.

దీన్నిబట్టి పేగుకి మూత పడింది తేనెపట్టు కట్టడం నేర్చుకున్నాక కాదు, అంతకు చాలా ముందేనని తెలుస్తుంది. సన్ననడుము కీటకాల పూర్వీకులు వేరే పురుగుల ఒంట్లో పెరిగినవి. ఎవరి ఒంట్లో ఉండి తింటున్నామో ఆ ఒంట్లోనే మలం వదిలితే తిండి కుళ్ళుతుంది, ఇల్లూ కూలుతుంది. ఆ అవసరానికి పుట్టిన పేగు తేనెటీగకి వారసత్వంగా వచ్చింది. పట్టులోని ఇరుకు గదికి అది చక్కగా సరిపోయింది. ప్రకృతిలో చాలా సంగతులింతే. ఇప్పుడు పనికొస్తున్నది చూసి, దానికోసమే పుట్టిందనుకుంటాం.

మూత, మలం, గూడు

గుడ్డు పెట్టిన తొమ్మిదో రోజు ప్రాంతంలో దాది ఈగలు గది మీద మైనంతో మూత వేస్తాయి. ఆ తర్వాతే నడిమిపేగుకీ వెనకపేగుకీ మధ్య దారి తెరుచుకుంటుంది. అన్ని రోజులుగా దాచుకున్నదంతా అప్పుడు బయటికొస్తుంది. పురుగుగా అది వదిలే మలం ఆ ఒక్కసారే.

అదే సమయంలో నోటి దగ్గరి గ్రంథుల నుంచి పట్టుదారం తీస్తూ, గదిలో పల్టీలు కొడుతూ గోడల చుట్టూ గూడు అల్లుకుంటుంది. మలం ఎక్కువగా గది అడుగున, పట్టుపొరల మధ్య అతుక్కుపోతుంది. తర్వాత ఆ గదిని శుభ్రం చేసే కూలీ ఈగలు కూడా దాన్ని పూర్తిగా ఊడబెరకలేవు. ఒక పురుగు తర్వాత ఇంకో పురుగు, పొర మీద పొర. కొత్తగా కట్టినప్పుడు లేత పసుపులో ఉండే తేనెపట్టు కొన్నాళ్ళకి గోధుమరంగుకీ, తర్వాత నల్లగానూ మారేది ఇందువల్లే. గదులు కూడా ఇరుకవుతాయి. మరీ పాత పట్టులో పుట్టిన ఈగలు కాస్త చిన్నవిగా ఉంటాయి. మైనపు చిమ్మట పురుగు కొత్త మైనం కన్నా పిల్లలు పెరిగిన ఇలాంటి పాత తేనెపట్టునే ఇష్టంగా తింటుంది. వట్టి మైనంలో దానికి కావలసిన మాంసకృత్తులు దొరకవు మరి. ఈగల పెంపకంలో రెండుమూడేళ్ళకోసారి పిల్లల పట్టు మార్చమని చెప్పడం వెనక ఉన్నది ఇదంతా.

పేగు ఖాళీ చేసి, గూడు ముగించి, పురుగు నిటారుగా సాగి కదలకుండా పడుకుంటుంది. పురుగుకీ ఈగకీ మధ్య వచ్చే దశని ప్యూపా అంటారు, దానికి ముందు దశ ఇది. పైనుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. పేగులో అసలు పని మొదలయ్యేది ఇక్కడే.

కరిగిపోవడం కాదు

గూట్లో పురుగు కరిగి ద్రవమైపోయి, ఆ ద్రవంలోంచి కొత్త జీవి తయారవుతుందనే మాట పిల్లల వీడియోల్లోనూ పెద్దల ప్రసంగాల్లోనూ వినిపిస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ అతిశయోక్తి. ఈ వాదం పాతదే. 17వ శతాబ్దంలో రక్తప్రసరణ కనిపెట్టిన విలియం హార్వీ, ప్యూపాని రెండో గుడ్డులాంటిదన్నాడు. ఆ గుడ్డులోంచి జీవి మళ్ళీ కొత్తగా తయారవుతుందని ఆయన లెక్క. అదే శతాబ్దంలో డచ్చి దేశపు యాన్ స్వామర్‌డామ్ సూదుల్లాంటి పరికరాలతో పురుగుల్ని చర్మం కింద విప్పి చూపించాడు. రెక్కలూ కాళ్ళూ ముందే లోపల ముడుచుకుని ఉన్నాయి, ఇందులో కొత్త పుట్టుక ఏదీ లేదన్నాడు. పట్టులో అందరూ రాజు అనుకున్న ఈగ కడుపులో అండాశయాలు ఉన్నాయని చూపించినవాడు కూడా ఆయనే. తర్వాత 1864లో ఆగస్ట్ వైస్‌మన్ తేనెటీగలు కాని మామూలు ఈగల ప్యూపాల్లో పాత కణజాలం విచ్ఛిన్నమవడాన్నీ, పెద్ద ఈగ అవయవాలకి ముందే కేటాయించిన కణాల ముద్దలనీ వర్ణించాడు. కరిగిపోతుందనే కథ బలపడింది ముఖ్యంగా ఇలాంటి ఈగల వల్లే. వాటిలో పాత కణజాలం చాలా ఎక్కువగా పోతుంది.

తేనెటీగ పేగు ఈ గొడవకి మంచి సమాధానం. పేగు ఎక్కడా తెగదు, ఏ రోజూ కరిగి నీరవదు. గొట్టం గొట్టంగానే ఉంటుంది. దాని గోడ మాత్రం మారిపోతుంది, అదీ మూడు భాగాల్లో మూడు రకాలుగా.

నడిమిపేగు సంగతి అన్నిటికన్నా విడ్డూరం. పురుగులో దీని గోడ నిండా పెద్దపెద్ద జీర్ణకణాలుంటాయి. ఎంజైములు వదిలేదీ, అరిగినదాన్ని పీల్చుకునేదీ అవే. ఆ కణాల అడుగున అక్కడక్కడా గుంపులుగా చిన్న కణాలు దాగి ఉంటాయి. పురుగు పెరిగినన్నాళ్ళూ వీటి ముఖ్యమైన పని కాచుకుని ఉండటమే. తిండి ఆగి, పేగు ఖాళీ అయ్యాక ఈ చిన్న కణాలు వేగంగా విభజన చెందుతాయి. పాత కణాల కింద ఒకదానికొకటి అతుక్కుని కొత్త గోడగా ఏర్పడతాయి. పైనున్న పాత గోడ పట్టు వదిలి పేగు లోపలికి రాలిపోతుంది. పాలపళ్ళ కింద అసలు పళ్ళు తయారై వాటిని తోసేసినట్టే ఇదీ. నోరు మారదు, పళ్ళ వరస మారుతుంది.

రాలిన కణాలు ఊరికే చచ్చిపోవు. ఏ కణం ఎప్పుడు పోవాలో ముందే నిర్ణయమైన మరణం అది. కణం తన లోపలి భాగాల్ని తానే తిని, ముక్కలై, కొత్త పేగు లోపల ముద్దగా పడి ఉంటుంది. ఆ ముద్దలో పనికొచ్చేదాన్ని కొత్త పేగు జీర్ణం చేసుకుంటుంది. అంటే తేనెటీగ పేగుకి మొదటి ఆహారం దాని పాత పేగే. ప్యూపా దశలో నోట్లోకి ఏమీ రాదు కాబట్టి ఒక్క కణం కూడా వృథా చేయడానికి వీల్లేదు. మిగతా ఖర్చంతా పురుగుగా ఉన్నప్పుడు కూడబెట్టిన కొవ్వు నుంచి వస్తుంది.

ముందుపేగు, వెనకపేగుల పద్ధతి వేరు. ఈ రెండూ పిండదశలో బయటి చర్మం లోపలికి ముడుచుకోవడం వల్ల పుట్టినవి. అందుకే చర్మానికి ఉన్నట్టే వీటికీ లోపల కైటిన్ పొర ఉంటుంది. పురుగు కుబుసం విడిచినప్పుడల్లా ఈ పొర కూడా ఊడుతుంది. ముందుపేగు నడిమిపేగుతో కలిసేచోట ఒకటి, వెనకపేగు మొదట్లో ఒకటి, పెరగడానికి సిద్ధంగా ఉన్న కణాల కట్టు ఉంటుంది. ప్యూపా దశలో ఆ కట్ల దగ్గర కణాలు పెరిగి గొట్టాన్ని సాగదీస్తాయి, మలుస్తాయి. పురుగులో పేరుకి మాత్రమే ఉన్న ముందుపేగు ఇప్పుడు పొడుగాటి ఆహారవాహికగా, దాని చివర తేనెసంచిగా, ఆ వెనక కవాటంగా మారుతుంది. వెనకపేగు సన్నపేగుగా, పురీషనాళంగా విడిపోతుంది.

మాల్పీజియన్ నాళికలు ఇంకో దారి పడతాయి. 1669లో పట్టుపురుగుని కోసి రాసిన ఇటలీ వైద్యుడు మార్చెల్లో మాల్పీజీ పేరే వాటికి ఉండిపోయింది. మూత్రపిండాల పని చేసేవి ఇవే. తేనెటీగ పురుగులో ఇవి నాలుగే, కాకపోతే పొడుగ్గా లావుగా ఉంటాయి. ప్యూపాలో ఆ నాలుగూ నశించి, పేగు మీద కొత్త మొలకలు లేచి, రెక్కలొచ్చేసరికి వంద దాకా సన్నటి నాళికలవుతాయి. ఇక్కడ జరిగింది మరమ్మతు కాదు, పాతది తీసేసి కొత్తది పెట్టడమే.

దారం తీసిన గ్రంథులదీ చెప్పుకోవాలి. పురుగు ఒంట్లో పొడుగునా సాగిన ఆ పట్టు గ్రంథులు గూడు పూర్తవగానే నశిస్తాయి. వాటి నాళాల మిగులు భాగం నుంచి ఛాతీలో లాలాజల గ్రంథులు ఏర్పడతాయి. గూడు అల్లిన సరంజామాతోనే ఈగ రేపు మైనాన్ని మెత్తపరుస్తుంది, చక్కెర పలుకుల్ని కరిగిస్తుంది. తలలో జెల్లీ చేసే గ్రంథులు మాత్రం పురుగులో లేనేలేవు. అవి ప్యూపాలో కొత్తగా పుడతాయి.

ఇవన్నీ ఒకే సమయంలో ఎలా మొదలవుతాయి? మామూలు హార్మోన్ల కథే. బాల్యాన్ని నిలబెట్టే జువెనైల్ హార్మోన్ తగ్గుతుంది, కుబుసం విడిపించే ఎక్డైసోన్ జాతి హార్మోన్ పెరుగుతుంది. ఇందులో తేనెటీగకి ఒక ప్రత్యేకత ఉంది. చాలా కీటకాలు కొలెస్టరాల్ నుంచి చేసుకునే 20-హైడ్రాక్సీ ఎక్డైసోన్‌ని వాడతాయి. తేనెటీగ ప్యూపాలో ఎక్కువగా ఉండేది అదే జాతికి చెందిన ఇంకో హార్మోన్, మేకిస్టెరోన్-ఎ. మొక్కల్లో ఉండే, కొలెస్టరాల్‌ని పోలిన స్టెరాల్‌ని కొలెస్టరాల్‌గా మార్చుకునే శక్తి తేనెటీగకి లేదు. పుప్పొడిలో వచ్చిన స్టెరాల్‌తోనే హార్మోన్ చేసుకోవాలి. ఆ స్టెరాల్ పురుగుకి చేరేది దాది ఈగ పెట్టే తిండి ద్వారా. అంటే పురుగు రూపం మారాలంటే ఎవరో ఒక ఈగ పొట్టలో పుప్పొడి అరిగి ఉండాలి.

రెక్కలొచ్చాక

21వ రోజు మూత కొరుక్కుని కూలీ ఈగ బయటికొస్తుంది. రాణి 16వ రోజే వస్తుంది, పోతుటీగకి 24 రోజులు పడుతుంది.

ఇప్పుడు ఈగకి పురుగులో లేని సన్ననడుము ఉంది. ఆహారవాహిక మెదడు మధ్యలోంచి, ఛాతీలోంచి, ఆ సన్నటి నడుములోంచి దూరి పొట్టలోకి రావాలి. ఆ ఇరుకులో ముద్దలు పట్టవు, ద్రవమూ పుప్పొడి రేణువులూ తప్ప. నడుము దాటగానే తేనెసంచి. మామూలుగా 30, 40 మిల్లీగ్రాముల మకరందం, గట్టిగా నింపుకుంటే ఇంకా ఎక్కువ పడుతుంది. ఈగ ఒంటి బరువే సుమారు 100 మిల్లీగ్రాములని గుర్తుంచుకోవాలి.

తేనెసంచి చివరనున్న కవాటమే ఈ కొత్త పొట్టలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. దానికి నాలుగు పెదవులు, వాటి అంచుల్లో సన్నటి నూగు. మకరందంలో తేలే పుప్పొడిని అది పట్టి, ముద్ద చేసి, వెనక్కి నడిమిపేగులోకి తోస్తుంది. మకరందం ముందే ఉండిపోతుంది. ఈగకి ఆకలైనప్పుడు మాత్రం కొంచెం లోపలికి వదులుతుంది. నడిమిపేగులోకి వెళ్ళింది మళ్ళీ తేనెసంచిలోకి రాదు. తేనె ఈగ ఎంగిలే కదా అనేవాళ్ళతో గొడవలేదు, ఎంగిలే. అరిగిందాన్ని కక్కింది మాత్రం కాదు.

పుప్పొడి రేణువు పైపెంకు ఈగకి అరగదు. రేణువుకున్న సందుల్లోంచి లోపలి సారం బయటికొస్తుంది, బోలు పెంకులు పురీషనాళానికి పోతాయి. ఈ బోలు పెంకులు ఒకసారి అంతర్జాతీయ రాజకీయాల్లోకి వచ్చాయి. 1981లో అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్, లావోస్, కంబోడియాల్లో సోవియట్ పక్షం విషం చల్లుతోందని ఆరోపించాడు. ఆకుల మీద పడ్డ పసుపు చుక్కల్ని దానికి సాక్ష్యంగా చూపారు, ‘పసుపు వాన’ అని పేరు పెట్టారు. ఆ చుక్కల్లో ఉన్నవి పుప్పొడి పెంకులు. లోపలి మాంసకృత్తులు లాగేసినవి. హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్, తేనెటీగల నిపుణుడు థామస్ సీలీ 1984లో థాయిలాండ్ వెళ్ళి, కొండ తేనెటీగలు గుంపుగా లేచి ఒకేసారి మలం వదలడం చూశారు. ఆ వాన వాళ్ళ మీదా పడింది. మన ఏజెన్సీ కొండల్లో ఎత్తైన చెట్లకీ రాళ్ళకీ పట్టు పెట్టే పెద్ద ఈగ ఆ జాతిదే.

పట్టులో మలం వదలకూడదన్న నియమం పెద్దయ్యాకా పోలేదన్నమాట. చలిదేశాల్లో ఈగలు వారాల తరబడి బిగబట్టుకుని, ఎండ కాసిన రోజు బయటికెళ్ళి మంచు మీద పసుపు చుక్కలు పెట్టొస్తాయి. పురుగు బిగబట్టడానికి పేగుకి మూత కావాల్సి వచ్చింది. ఈగకి సాగే పురీషనాళం చాలు.

బాక్టీరియా విషయానికొస్తే, పేగు గోడ మొత్తం రాలిపోయి, ఉన్నదంతా ఖాళీ అయ్యాక పురుగు పొట్టలోని సూక్ష్మజీవులు ఈగ దాకా రావు. గదిలోంచి అప్పుడే వచ్చిన ఈగ పేగులో బాక్టీరియా దాదాపు ఉండవు. తోటి ఈగల్ని తాకి, పట్టు గోడల్ని నాకి, మలపు ఆనవాళ్ళ నుంచి వారం తిరక్కుండానే వంద కోట్ల దాకా సంపాదించుకుంటుంది. వెనకపేగులోనే ఎక్కువ మకాం. వాటిలో ఒకదాని పేరు స్నాడ్‌గ్రాసెల్లా. తేనెటీగ శరీరాన్ని 1910లోనే భాగాలు భాగాలుగా వర్ణించిన అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ స్నాడ్‌గ్రాస్ గౌరవార్థం పెట్టారు. ఇంకోటి గిల్లియామెల్లా. ఈగల సూక్ష్మజీవుల మీద పనిచేసిన మార్తా గిల్లియమ్ పేరు అది. పుప్పొడి గోడల్లోని పెక్టిన్‌ని విడగొట్టే పని దీనిది.

పేగు మారడం గది దాటాక కూడా ఆగదు. దాదిగా ఉన్న తొలి రెండు వారాల్లో మాంసకృత్తుల్ని అరిగించే ఎంజైములు నడిమిపేగులో ఎక్కువ. మేతకెళ్ళే వయసొచ్చేసరికి బాగా పడిపోతాయి. కాళ్ళకి పుప్పొడి మూటలు కట్టుకుని తెచ్చే ఈగ ఆ పుప్పొడిని సరిగ్గా అరిగించుకోలేదు. దానికి కావలసిన మాంసకృత్తులు దాది ఈగ జెల్లీ రూపంలో నోటికందిస్తుంది.

జబ్బులు చీలేది ఇక్కడ

పురుగు పేగు, ఈగ పేగు ఇంత వేరైనప్పుడు జబ్బులు కూడా వేరవడంలో వింత లేదు. అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే పిల్లల జబ్బుని తెచ్చే బాక్టీరియా విత్తనాలు (స్పోర్లు) ఒకటిన్నర రోజు లోపు వయసు పురుగు తిండిలో కాసిని చేరినా చాలు. నడిమిపేగులో మొలకెత్తి, లోపలి రక్షణ పొరని తినేసి, గోడ చీల్చుకుని ఒళ్ళంతా పాకుతాయి. ఎక్కువగా మూత పడ్డాక పురుగు చచ్చి, పుల్లతో కదిపితే తీగలా సాగే ముద్దవుతుంది. అవే విత్తనాలు పెద్ద ఈగ పొట్టలోకి వెళ్తే దానికేమీ కాదు. మోసుకు తిరుగుతుందంతే.

యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్ కూడా పురుగు నడిమిపేగుదే. తిన్నదాన్ని బాక్టీరియా పంచుకుంటుంది. చాలా పురుగులు మూత పడకముందే చస్తాయి. బతికినవాటి విషయంలోనే అసలు చిక్కు. మూత పడ్డాక అవి వదిలే ఆ ఒక్క మలంతో బాక్టీరియా గది గోడకి అంటుకుని తర్వాతి పురుగు కోసం కాచుకుని ఉంటుంది. నోసీమా అనే సూక్ష్మ పరాన్నజీవిది అందుకు తిరగబడిన కథ. అది ప్రధానంగా పెద్ద ఈగ నడిమిపేగు కణాల్లో పెరుగుతుంది. దానిలో ఒక జాతి, నోసీమా సెరానే, 1996లో మన ఆసియా ఈగ సెరానాలో బయటపడింది. తర్వాత మెల్లిఫెరాలోనూ ప్రపంచమంతా కనిపించింది.

అందుకే ఒక పేగుకిచ్చిన మందు ఇంకో పేగుని దెబ్బతీయగలదు. ఫౌల్‌బ్రూడ్‌కి అమెరికాలో టెట్రాసైక్లిన్ జాతి మందులు చాలాకాలంగా వాడారు. పురుగుల కోసం వేసిన ఆ మందు పెద్ద ఈగలూ తింటాయి. టెట్రాసైక్లిన్ తిన్న ఈగల వెనకపేగులో మేలు చేసే బాక్టీరియా బాగా తగ్గాయనీ, పట్టులోకి వదిలాక అవి తక్కువ కాలం బతికాయనీ టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో చూపించారు. పైగా ఆ మందు పెరిగే బాక్టీరియాని అణచగలదు గానీ విత్తనాల్ని చంపలేదు. అవి ఎండిన పట్టులో దశాబ్దాలు నిలుస్తాయి.

మందు లేకుండా చేసే పాత పద్ధతి ఒకటుంది. సాయంత్రం వేళ పెద్ద ఈగల్ని మాత్రం దులిపి, పట్టు లేని శుభ్రమైన పెట్టెలోకి వదులుతారు. పాత పిల్లల పట్టు మొత్తం తగలబెడతారు. కొత్త పెట్టెలో కొన్ని రోజులు మేత పెట్టరు. ఈగల తేనెసంచుల్లో వెంట తెచ్చుకున్న తేనె, దానిలోని విత్తనాలతో సహా, కొత్త మైనం కట్టడానికి ఖర్చయిపోతుంది. రాణి మళ్ళీ గుడ్లు పెట్టి పురుగులు పుట్టేనాటికి వాటికి పోయడానికి ఆ పాత తేనె మిగలకూడదు.